చెరువులో జమ్ము తగలబెడితే పోతుందా, ఇంకా పెరుగుతుందా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ శివారులో కాలనీ, దాని పక్కనే చెరువు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎవరో ఒకరు ఎండిన జమ్ముకు నిప్పు పెడతారు. వానలు మొదలయ్యేసరికి మళ్లీ అంతకంటే ఒత్తుగా కనిపిస్తుంది. అసోసియేషన్‌లో సగం మంది ‘ఈసారి మనమే పద్ధతిగా కాలుద్దాం, మూడేళ్లు వరసగా కాలిస్తే వేరుతో సహా పోతుంది’ అంటున్నారు. మిగతా సగం ‘బూడిద ఎరువై ఇంకా పెరుగుతుంది’ అంటున్నారు. ఎవరి మాట నిజం?

ముందే చెప్పేస్తాను. మూడేళ్లు కాదు, పదేళ్లు వరసగా కాల్చినా మీ జమ్ము పోదు. అలాగని బూడిద తిని బలిసిపోతోందన్నది కూడా మీ చెరువు విషయంలో పెద్దగా నిలబడే మాట కాదు. అది ఒత్తుగా రావడానికి కారణం వేరే ఉంది.

చెరువుల్లో, కాలువల్లో పెరిగే కలుపు మీద 28 ఏళ్లు పని చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మెదక్ వైపు ఒక చెరువు కట్ట మీద, ఆ ఊరి నీరటి తాతకు, అంటే తూము తెరిచి పొలాలకు నీళ్లు వదిలే పెద్దాయనకు, కలుపు మందుల గురించి తెగ చెబుతున్నాను. ఆయన చుట్ట ఆర్పి, నవ్వి, ‘గిది నిప్పుతోని సావదు సారూ, నీళ్లతోని సస్తది’ అన్నాడు. నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగే మొక్క నీళ్లతో చావడమేంటి, తాత తిక్క మాటలు చెబుతున్నాడనుకున్నాను. ఆ మాట అర్థం కావడానికి నాకు నాలుగైదేళ్లు పట్టింది. ఇక్కడ నేను రాసేదంతా ఆ ఒక్క మాటకు వివరణే అనుకోండి.

మొదట మీ చెరువులో ఉన్నదేమిటో తేల్చుకోండి. మనం అన్నిటినీ గడ్డి అనేస్తాం గానీ వాటి స్వభావాలు వేరు. కత్తిలా నిటారుగా లేచే ఆకులు, మధ్యలో గోధుమరంగు సాసేజ్‌లా ఉండే కంకి ఉంటే అది జమ్ము. వెదురులా కణుపులు ఉండి, పైన కుచ్చులాంటి పూత వస్తే కిక్కిస. కొల్లేరు వైపు వాళ్లకు ఈ పేరు బాగా తెలుసు. దసరా రోజుల్లో తెల్లగా వెండి పోగుల్లా పూసి, గట్టున, ఇసుక మేటల మీద కనిపించేది రెల్లు. కాడ పట్టుకుని తిప్పితే మూడు పలకలుగా తగిలేది తుంగ. శాస్త్రం ప్రకారం జమ్ము, తుంగ అసలు గడ్డి కుటుంబం కావు. కిక్కిస, రెల్లు, మూసీ వెంట బర్రెల మేతకు పెంచే పారా గడ్డి నిజమైన గడ్లు. నిప్పు విషయంలో మాత్రం అన్నిటికీ ఒక పోలిక ఉంది. పైన కనిపించేది కాలిపోయినా అసలు మొక్క బురదలో భద్రంగా ఉంటుంది.

జమ్ము మొదలు తవ్వితే పసుపు కొమ్ములా అడ్డంగా పాకే లావుపాటి దుంప కనిపిస్తుంది. దాని నిండా పిండి. ఒక్కో కణుపు దగ్గర మొగ్గ. పై నుంచి చూస్తే వంద మొక్కలుగా కనిపించేవి, కింద నాలుగైదు దుంపల కొమ్మలే కావచ్చు. జనవరి, ఫిబ్రవరిలో ఆకు పండి ఎండుతుంది కదా, ఎండేముందు ఆకులో ఉన్న పనికొచ్చే సరుకులో చాలా భాగాన్ని మొక్క దుంపలోకి దించుకుంటుంది. ఊరికి పోయేవాడు ఇంట్లో నగలు లాకర్‌లో పెట్టి తాళం వేసినట్టు. మార్చిలో మీరు కాల్చేది ఆ ఖాళీ ఇంటిని. దానివల్ల మొక్కకు పోయేది దాదాపు ఏమీ లేదు.

వేడి కిందికి దిగదా అంటారేమో. ఎండుగడ్డి మంట చూడటానికి భయంగానే ఉంటుంది, మంటలో వేడి 500 నుంచి 800 డిగ్రీల దాకా పోవచ్చు. కానీ అది నిలిచి కాలే మంట కాదు, ఒకచోట నిమిషమో రెండు నిమిషాలో ఉండి ముందుకు పోతుంది. మట్టి వేడిని అంత త్వరగా లోపలికి పంపదు. తడి మట్టి అయితే ఇంకా మొండి. అందులోని నీరు ఆవిరై పోయేదాకా అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు, ఆ నీరంతా ఆవిరి కావడానికి గడ్డి మంట చాలదు. మొక్క కణాలు చావడానికి 60 డిగ్రీల వేడి చాలు. అది కూడా నాలుగు వేళ్ల లోతున ఉన్న దుంపకు అందదు. వంటింట్లో తడి గుడ్డతో వేడి గిన్నె దించిన అనుభవం ఉన్నవాళ్లు, గుడ్డ తడిగా ఉన్నంత సేపూ చెయ్యి కాలుతుంది కదా అని ఎదురు ప్రశ్న వేస్తారు. గుడ్డ మందం ఎంత, బురద మందం ఎంత!

ఇంకో గమ్మత్తు చూడండి. కాలిన పది రోజులకు చెరువు దగ్గరికి వెళ్తే కొన్ని ఆకుల కొసలు నల్లగా మాడి ఉంటాయి, కింద మాత్రం లేత పచ్చగా ఉంటుంది. ఆ ఆకు కాలాక కూడా పెరుగుతోందన్నమాట. వేప కొమ్మ కొసకు చిగురు వేస్తుంది, కొస నరికితే అక్కడికి ఆగుతుంది. గడ్డి ఆకు, జమ్ము ఆకు మొదలు నుంచి పెరుగుతాయి, కొస ఎప్పుడూ పాతదే. గొర్రె కొరికినా, కొడవలి తగిలినా, నిప్పు కాల్చినా పోయేది పాత కొసే. నేల మీద ఇన్ని గడ్లు బతికి బట్టకట్టడానికి ఈ ఏర్పాటే పెద్ద కారణం.

మరి కాల్చాక ఒత్తుగా ఎందుకొస్తుంది? ముఖ్యంగా వెలుతురు వల్ల. కాల్చని జమ్ములో రెండు మూడేళ్ల ఎండుటాకు పరుపులా పేరుకుని ఉంటుంది. కింద చీకటి, చల్లదనం. కణుపుల్లోని మొగ్గల్లో చాలావరకు లేవవు. నిప్పు ఆ పరుపును ఒక్క పూటలో ఊడ్చేస్తుంది. నల్లబడిన నేల ఎండను బాగా పీల్చి వేడెక్కుతుంది. నిద్రపోతున్న మొగ్గలు ఒక్కసారిగా లేస్తాయి. కాడల్లో దాక్కున్న పురుగులు కొన్ని కాలిపోతాయి కాబట్టి లేత పిలకలకు ఆ బెడద కూడా కొంత తగ్గుతుంది. అందుకే పిలకల సంఖ్య పెరుగుతుంది. ఒక్కో పిలక లావు మాత్రం కాస్త తగ్గొచ్చు. కట్ట మీద నిలబడి చూసేవాళ్లకు ఒత్తు కనిపిస్తుంది గానీ లావు కనిపించదు. వానలు పడగానే వస్తోందని మీరు రాశారు. ఈసారి గమనించండి, బురదలో తడి ఉంటే వానకు ముందే, కాలిన రెండు వారాల్లోపే మొలకలు కనిపిస్తాయి. అప్పుడవి పొట్టిగా ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

బూడిద సంగతి. గడ్డి కాలినప్పుడు అందులోని నత్రజని, గంధకం చాలావరకు పొగలో పోతాయి. పొటాష్, సున్నం, భాస్వరం ఎక్కువగా బూడిదలో మిగులుతాయి. పేద నేలల్లో, కొండ వాలు గడ్డి భూముల్లో ఈ బూడిద కొన్ని వారాలు పనికొస్తుంది. మీ చెరువు పేద నేల కాదు. హైదరాబాద్‌లో కాలనీల మధ్య మిగిలిన చెరువుల్లో చాలావాటికి మురుగు చేరుతోంది. ఆ మురుగులోనే నత్రజని, భాస్వరం దండిగా వస్తాయి. రోజూ బిర్యానీ పెడుతున్నవాడికి ఒక రోజు గ్లాసు మజ్జిగ ఇచ్చి, అందుకే లావయ్యాడంటే ఎలా? బూడిద పాత్ర మీ దగ్గర అంతే.

అసలు హైదరాబాద్ చెరువుల్లో జమ్ము ఇంతగా ఎందుకు పెరిగింది అన్నదానికి నా జవాబులో నిప్పు ప్రస్తావనే ఉండదు. ఇవి సాగు కోసం కట్టిన చెరువులు. వానకు నిండేవి, తూము ద్వారా పొలాలకు పారేవి, మంచి ఎండల్లో అడుగంటేవి. అడుగు బయటపడ్డ శిఖం భూమిలో దోస, పుచ్చ వేసుకునేవాళ్లు, బర్రెలు తిరిగేవి. ఆ ఎండకు, దున్నడానికి, తొక్కుడుకు దుంపలు సగం చచ్చేవి. ఇప్పుడు ఆయకట్టు ప్లాట్లయింది, తూము తెరిచే పని లేదు, మురుగు ఏడాది పొడుగునా వస్తోంది కాబట్టి చెరువు ఎండదు. మోకాలి లోతు నీళ్లు, ఎప్పుడూ ఒకే మట్టం, కావలసినంత ఎరువు. జమ్మును పెంచమని నాకు పని అప్పగిస్తే నేను కూడా సరిగ్గా ఇలాంటి చెరువునే తయారు చేస్తాను.

నిప్పు ఎక్కడా పనికిరాదని నేను అనడం లేదు. అస్సాంలోని కాజీరంగాలో అటవీ శాఖే ఏటా శీతాకాలం, వేసవి మొదట్లో ఏనుగు ఎత్తు గడ్డిని వంతులవారీగా కాలుస్తుంది. కాల్చకపోతే కొన్నేళ్లలో పొదలు, చెట్లు వచ్చి గడ్డి మైదానం అడవిగా మారుతుంది. కాలిన నేల మీద వచ్చే లేత గడ్డిలో మాంసకృత్తులు ఎక్కువ, జింకలు, ఖడ్గమృగాలు దానికోసం వస్తాయి. నేపాల్‌లోని చిత్వన్‌లో ఊరివాళ్లు ఇళ్ల కప్పులకు గడ్డి కోసుకున్నాక మిగిలింది కాలుస్తారు. అమెరికాలో ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో ఉండే రంపపు అంచుల తుంగజాతి మొక్క పిడుగుల నిప్పుకు అలవాటు పడిన బాపతు, కింద నీరున్నప్పుడు కాలితే కొద్ది రోజుల్లోనే చిగురిస్తుంది. గమనించారా, ఈ చోట్లన్నిటిలోనూ నిప్పు పెట్టేది గడ్డిని చంపడానికి కాదు, గడ్డిని నిలబెట్టడానికి! మీరు అదే పని చేసి గడ్డి పోవాలని కోరుకుంటున్నారు.

రాజస్థాన్ భరత్‌పూర్‌లోని పక్షుల పార్కు కేవలాదేవ్ కథ కూడా ఇక్కడ చెప్పాలి. 1982లో అక్కడ బర్రెల మేతను ఆపేశారు. పక్షులకు మేలు జరుగుతుందనుకున్నారు. మేసేవి లేకపోయేసరికి నీటి గడ్డి విపరీతంగా అల్లుకుని, తెరిపి నీళ్లు మూసుకుపోయి, చాలా రకాల నీటి పక్షులకే ఇబ్బందైంది. తడి నేల గడ్డిని ఏదో ఒకటి అదుపులో పెట్టాలి. పశువు నోరు కావచ్చు, కొడవలి కావచ్చు, ఎండ కావచ్చు, నిప్పు కావచ్చు, లోతు నీరు కావచ్చు. ఏదీ లేకపోతే మాత్రం కథ చెడుతుంది.

ఏటా కాల్చడానికి, మూడు నాలుగేళ్లకోసారి కాల్చడానికి చాలా తేడా ఉంటుంది. ఏటా కాలే చోట దుంప, వేరు బలం మీద బతికేవే మిగులుతాయి. విత్తనం మీద ఆధారపడే చిన్నాచితకా మొక్కలు, నెమ్మదిగా పెరిగేవి ఒక్కొక్కటే తప్పుకుంటాయి. గట్టు మీద దర్భలాంటి మొండి గడ్డి, నీటి అంచున కిక్కిస లేదా జమ్ము, అంతే. పది పదిహేను రకాలున్న చోట రెండు మూడు మిగలడం నేను చూశాను. కాల్చే మధ్యలో రెండు మూడేళ్ల విరామం ఉంటే, ఒక్కో ముక్కను ఒక్కో ఏడాది కాలిస్తే, ఈ నష్టం చాలా తగ్గుతుంది. సర్కారు తుమ్మ, లొట్టపీసు పోతాయని ఆశపడేవాళ్లకు ఒక మాట: లేత మొలకలు పోతాయి నిజమే, ముదిరినవి మొదట్లోంచి మళ్లీ చిగురిస్తాయి.

విత్తనాల మాట వచ్చింది కాబట్టి. జమ్ము కంకి ఒక్కదానిలో లక్షకు పైగా విత్తనాలు ఉంటాయి, దూదిలా ఎగిరిపోతాయి. వాటికి కావలసింది వెలుతురు పడే తడి బురద. మార్చిలో కాల్చి, నేలంతా ఊడ్చి ఇస్తే మీరు నారుమడి సిద్ధం చేసినట్టే.

ఇప్పుడు నీరటి తాత మాటకు వద్దాం. జమ్ము ఆకును మొదట్లో అడ్డంగా కోసి చూడండి. లోపల చిన్న చిన్న గదులు, అన్నీ గాలితో నిండి ఉంటాయి. బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు, మరి అక్కడున్న దుంప ఊపిరి ఎలా తీసుకుంటుంది? ఈ ఆకుల్లోంచి, కాడల్లోంచి గాలి కిందికి దిగుతుంది. చిన్నప్పుడు బావిలో మునిగి బొప్పాయి ఆకు కాడను నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే ఆట ఆడారా? అచ్చం అదే. విశేషమేమిటంటే ఎండి, సగం విరిగిన మోడు కూడా గొట్టంలా పని చేస్తుంది. నీళ్లు నిలిచి ఉన్నప్పుడు నిప్పు పెడితే మంట నీటి మట్టం దగ్గర ఆగుతుంది. నీటికి పైన బెత్తెడు, జానెడు మోళ్లు మిగులుతాయి. అంటే మీరు గొట్టాలను పొట్టి చేశారే గానీ మూయలేదు. దుంప హాయిగా ఊపిరి పీలుస్తూ కొత్త పిలకలు పంపుతుంది.

అదే మోడు నీటి మట్టం కింద తెగి, దానిపైన కనీసం జానెడు నీళ్లు రెండు మూడు వారాలు కదలకుండా నిలబడితే? గొట్టంలోకి నీళ్లు పోతాయి. దుంపకు గాలి ఆగిపోతుంది. దాచుకున్న పిండిని గాలి లేకుండానే కరిగించుకుంటూ పిలకను నీటి పైకి పంపాలని గింజుకుంటుంది. నీళ్లు లోతుగా ఉంటే, పిండి తక్కువగా ఉంటే, పైకి చేరేలోపే అయిపోతుంది. నెల తర్వాత లాగి చూస్తే దుంప మెత్తగా, కంపు కొడుతూ చేతికొస్తుంది. నీళ్లతో చావడమంటే ఇదే.

దీన్ని నేను కళ్లారా చూసింది అనుకోకుండా. ఒక చెరువులో అడుగు దాకా ఎండిన జమ్ముకు మార్చి చివర్లో ఎవరో నిప్పు పెట్టారు. నేల మట్టం దాకా కాలింది. ఆ వారంలోనే పైన గట్టి అకాల వాన పడి చెరువులోకి నీరొచ్చింది. పల్లపు సగం మునిగింది, మెరక సగం మునగలేదు. వర్షాకాలం తర్వాత వెళ్లి చూస్తే మెరక వైపు జమ్ము మునుపటికంటే ఒత్తుగా ఉంది, పల్లం వైపు తెరిపి నీళ్లు. మధ్యలో తాడు పట్టి గీసినట్టు గీత. ఒకే చెరువు, ఒకే రోజు, ఒకే నిప్పు! నా ఉద్యోగమంతటిలో అంత స్పష్టమైన ప్రయోగం ఏదీ లేదు, అది కూడా నేను చేసింది కాదు.

ఇప్పుడు మీ చెరువు క్యాలెండర్ చూడండి. నిప్పు మార్చిలో. మన దగ్గర వానలు జూన్ రెండో వారం తర్వాత మొదలై, చెరువులో మట్టం నిజంగా పెరిగేసరికి జూలై, ఆగస్టు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, మొలక రెండు వారాల్లోపే వస్తుంది. అంటే నీరు పెరిగేసరికి జమ్ముకు మూడు నాలుగు నెలల వయసు, మనిషెత్తు. దాన్ని ముంచే లోతు మీ చెరువుకు లేదు. మీ ఏటేటా నిప్పు ప్రతిసారీ ఓడిపోతున్నది ఈ తేదీల తేడా వల్లే.

అయితే మేలోనో జూన్‌లోనో పచ్చిగా ఉన్నప్పుడు కాలుద్దామా అంటే, పచ్చి జమ్ము అంటుకోదు. అంటుకునేలా డీజిల్ పోసే మహానుభావులున్నారు, ఆ నీళ్లలో చేపలు పట్టుకుని బతికేవాళ్లు కూడా ఉన్నారని మర్చిపోయి. పచ్చిది కొడవలికి తగిన పని. ఆ సమయంలో కోస్తే ఇంకో లాభం ఉంది. దుంపలోని పిండి వాడి పిలకలు ఛాతీ ఎత్తు దాకా లేచి ఉంటాయి, తిరిగి దుంపకు సరుకు చేరడం ఇంకా సరిగా మొదలై ఉండదు. లాకర్ ఖాళీగా ఉన్న సమయం అదొక్కటే. కోత వల్ల నష్టం పూర్తిగా తగిలేది అప్పుడే.

కోయడానికి, కాల్చడానికి మధ్య ఇంకొక తేడాను కూడా మీ మీటింగ్‌లో చెప్పండి. కాలిస్తే భాస్వరం బూడిదై మళ్లీ మీ చెరువులోకే పోతుంది. కోసి గట్టు దాటించి పట్టుకెళ్తే, మురుగు తెచ్చి పోసిన ఎరువులో కొంత చెరువులోంచి బయటికి పోయినట్టే. మూసీ వెంట పారా గడ్డి రైతులు కొన్ని వారాలకోసారి కోసి అమ్ముకుంటూ తెలియకుండానే చేస్తున్న పని ఇదే. కోసిన జమ్మును కంపోస్ట్ చేయొచ్చు. ఫ్యాక్టరీల నీరు కలిసే చెరువైతే మాత్రం బర్రెలకు వేయొద్దు, కూరగాయల మడికీ వద్దు, అందులో భారలోహాలు చేరి ఉండే ప్రమాదం ఉంది.

నిప్పు నిజంగా దుంపను చంపే సందర్భం ఒకటుంది, అది మీరు కోరుకునేది కాదు. అడుగున కుళ్లిన ఆకు పొరలు మందంగా పేరుకుని, బాగా ఎండితే, ఆ నల్ల మట్టే నివురుగప్పిన నిప్పులా రోజుల తరబడి లోలోపల కాలుతుంది. పైకి మంట కనిపించదు, సన్నగా పొగ మాత్రం వస్తుంటుంది. ఎవర్‌గ్లేడ్స్‌లో కరువు ఏళ్లలో ఇలా కాలి గుంటలు పడతాయి. ఒకసారి అలాంటి చోట పైన బూడిద చల్లగా ఉంది కదా అని అడుగు వేశాను. మడమ దాకా దిగబడింది, చెప్పు కరిగింది, నెల రోజులు కుంటాను. పిల్లలు క్రికెట్ బంతి కోసం అలాంటి చోటికి వెళ్లకుండా చూసుకోండి. మంట ఆరిందని అగ్నిమాపక సిబ్బందిని పంపేసి, మూడో రోజు మళ్లీ 101కి ఫోన్ చేయాల్సి రావడం ఇలాంటి చోట్లే జరుగుతుంది.

పాముల కోసం కాలుస్తున్నామని అంటారు. జమ్ములో పాములున్నాయి, ఎలుకలూ ఉన్నాయి. నిప్పు పెట్టిన రోజు అవి పోయేది ఎటు? ఒక వైపు నీళ్లు, ఒక వైపు మంట, మూడో వైపు మీ కాలనీ. దోమలకైతే జమ్ము కాదు, కదలని మురుగు నీరే అసలు కారణం. జమ్ములో గూళ్లు పెట్టే నీటికోళ్లు, ఆకు చీల్చి గూడు అల్లుకునే గిజిగాళ్లు ఎక్కువగా వానాకాలంలో పిల్లలు చేస్తాయి కాబట్టి మార్చి నిప్పుతో గూళ్లకు తగిలే దెబ్బ కొంత తక్కువే. కానీ శీతాకాలం వలస పక్షులు కొన్ని మార్చి దాకా ఉంటాయి, వాటికి ఆ రాత్రి తలదాచుకునే చోటు ఉండదు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన మన అమీన్‌పూర్ చెరువు దగ్గర ఒక ఉదయం గంటసేపు కూర్చుంటే, ఈ నీటి అంచు గడ్డి ఎన్ని ప్రాణాలకు ఇల్లో నేను రాయాల్సిన పని ఉండదు.

చట్టం సంగతి రెండు ముక్కలు. 2016 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని ఆదేశించింది. మన చెరువుల్లో జమ్ముతో పాటు ప్లాస్టిక్, థర్మాకోల్, పాత చెప్పులు కూడా కాలతాయి కాబట్టి ఇది గడ్డి, చెత్త కాదు అని వాదించడం కష్టం. పైగా చెరువు మీ అసోసియేషన్‌ది కాదు. కోయడానికి కూడా ముందు సంబంధిత అధికారులకు దరఖాస్తు పెట్టుకుని అనుమతి తీసుకోండి.

ఇక ఏం చేయాలంటే. చెరువంతా ఒకేసారి ముట్టుకోవద్దు. మురుగు వచ్చి చేరే మూల దగ్గరి జమ్మును వదిలేయండి, అది వడపోతలా కొంత పని చేస్తోంది. మిగిలినదాన్ని మూడు ముక్కలు చేసి ఏడాదికి ఒక ముక్క తీసుకోండి. మే చివర్లో లేదా జూన్ మొదట్లో, వానలకు ముందు, నీటి మట్టానికి వీలైనంత కింద కోయించండి. వాన నీటికి మోళ్లు మునగాలి. నెలన్నరకు నీటి పైకి తల ఎత్తిన పిలకలను రెండోసారి, మళ్లీ నీటి కిందే కోయించాలి. ఈ రెండో కోత దగ్గరే అందరూ జారిపోతారు. మొదటి కోతకు ఫొటోలు, బ్యానర్, టీ, సమోసా ఉంటాయి, రెండో కోతకు మనిషి ఉండడు. రెండో కోత చేయలేమనుకుంటే మొదటిదానికి డబ్బు పెట్టకండి.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే కొలుచుకోవచ్చు. పీవీసీ పైపుతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం ఒకటి చేయించండి. కాలిన చోట, కోసిన చోట, ముట్టుకోని చోట తలా ఐదుసార్లు ఎక్కడపడితే అక్కడ వేసి, లోపల ఎన్ని పిలకలున్నాయో లెక్కపెట్టి, ఎత్తు రాసుకోండి. ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్. నీటి లోతు కూడా పక్కనే రాయడం మర్చిపోవద్దు, అది రాయని లెక్క దేనికీ పనికిరాదు. ఇంటర్ చదివే పిల్లలకు అప్పగిస్తే సరదాగా చేస్తారు, గట్టు నుంచి పెద్దవాళ్లు ఒకరు చూస్తూ ఉండాలి.

ఇంతా చెప్పాక కూడా వచ్చే మార్చిలో ఎవడో బీడీ విసిరేస్తాడు, జమ్ము కాలుతుంది, నాకు తెలుసు. అలా జరిగితే తిట్టుకుంటూ కూర్చోకండి. ఆ పని మీరు ఎలాగూ చేయించాల్సిన కోతలో సగం. ఆకు పోయి మోళ్లు మాత్రమే మిగిలి ఉంటాయి కాబట్టి కూలీకి మొదలు స్పష్టంగా కనిపిస్తుంది, మోసుకెళ్లాల్సిన బరువు చాలా తక్కువ. నీరు నిలిచి ఉన్న చోట మంట పూర్తిగా ఆరిందని చూసుకుని, వారం లోపల మనుషులను దించి, ఆ మోళ్లను నీటి అడుగున, బురదకు బెత్తెడు ఎత్తులో కోయించండి. మామూలు కొడవలి నీళ్లలో సరిగా ఆడదు, పొడుగు కర్రకు బిగించిన కత్తి కావాలి. మోకాళ్ల దాకా గమ్ బూట్లు, చేతికి గ్లోవ్స్ తప్పనిసరి, అడుగున గాజు పెంకులు ఉంటాయి.